కొలవండి, గట్టిగా చెప్పండి, ముందే పిలవండి: చెన్నైలో తెలుగు గైనిక్ పీజీలతో ఒక సాయంత్రం

అందరికీ నమస్కారం. నెల్లూరు, కడప, గుంటూరు, వరంగల్, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెన్నైలో గైనిక్ పీజీలో చేరినవాళ్లు ఇంతమంది ఉన్నారని ఈ హాల్లో అడుగుపెట్టేదాకా నాకు తెలీదు. చాలా సంతోషం. పిలిచినవాళ్లు నన్ను "పరీక్షకి ఎలా చదవాలో చెప్పండి మేడమ్" అన్నారు. ఆ విషయం చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు, మీ ఫోన్లోనే దొరుకుతారు. నేను లేబర్ రూమ్ గురించి మాట్లాడతాను. అక్కడ మీకు ఏది నేర్పాలి, ఏ వరసలో నేర్పాలి, నేర్పకపోతే మీరే ఎలా నేర్చుకోవాలి అన్నది నా విషయం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోసే చెయ్యి, కుట్టే చెయ్యి మూడేళ్లలో ఎలాగూ తయారవుతాయి. అంతకంటే ముందు మీకు రావాల్సినవి మూడు అలవాట్లు: రక్తం కొలవడం, చూసింది గట్టిగా పైకి చెప్పడం, పైవాళ్లను ముందే పిలవడం. వీటిని ఎవరూ సిలబస్‌లో పాఠంగా చెప్పరు, కానీ తల్లి బతకడం చాలాసార్లు వీటిమీదే ఆధారపడుతుంది.

మీరున్న ఊరు మామూలు ఊరు కాదు. ఎగ్మోర్‌లో ఆడవాళ్ల ఆసుపత్రి 1844లో మొదలైంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మేరీ షార్లీబ్ 1875లో మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరింది, ఆడవాళ్లకి వైద్యవిద్య ఎందుకని ప్రపంచమంతా వాదించుకుంటున్న రోజుల్లో. తర్వాత ఆవిడే 1885లో ఘోషా స్త్రీల కోసం ఆసుపత్రి మొదలుపెట్టింది, మగ డాక్టర్ ఎదుటికి రాలేక ఇంట్లోనే చనిపోతున్న ఆడవాళ్ల కోసం. ట్రిప్లికేన్‌లో ఇప్పుడు కస్తూర్బా ఆసుపత్రి అంటున్నది అదే. మీలో కొందరు రోజూ ఆ గేట్లోంచే డ్యూటీకి వెళ్తున్నారు. ఇక్కడ కేసులకు కొదవ లేదు. సూళ్లూరుపేట, నాయుడుపేట, పుత్తూరు వైపు నుంచి కూడా మనవాళ్లు ఇక్కడికే వస్తారు. కాబట్టి "ఇన్ని కేసులు చూస్తున్నాం కదా, ట్రైనింగ్ దానంతటదే అయిపోతుంది" అనుకోవడం చాలా తేలిక.

అలా అవదు. ఎందుకో చెప్తాను.

ఒకటి, మీరు భయపడాల్సిన కేసులు ఇప్పుడు అరుదవుతున్నాయి, అది మంచి విషయమే. 2018-20 లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు తల్లి మరణాలు దేశం మొత్తం మీద 97, తమిళనాడులో 54, ఆంధ్రాలో 45, తెలంగాణలో 43. దీని వెనక ఎంతోమంది కష్టం ఉంది. కానీ మీ వైపు నుంచి చూడండి. బిడ్డ భుజం ఇరుక్కుపోవడం, గర్భసంచి తిరగబడటం లాంటివి ఒక పీజీ మూడేళ్లలో ఎన్నిసార్లు చూస్తారు? ఒకసారి చూసినా, ఆ టైమ్‌లో మీరు టీ తాగడానికి వెళ్లి ఉండొచ్చు, లేదా చూస్తుండగానే చీఫ్ రెండు నిమిషాల్లో పని ముగించేసి ఉండొచ్చు. తర్వాత మీరు ఏదో తాలూకా ఆసుపత్రిలో ఒక్కరే ఉన్నప్పుడు అది మళ్లీ వస్తుంది, అప్పుడు పక్కన చీఫ్ ఉండరు.

రెండోది సిజేరియన్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, తమిళనాడులో 44.9, ఆంధ్రాలో 42.4. ఇది ఎందుకు పెరిగిందన్నది వేరే సభలో మాట్లాడాలి. ట్రైనింగ్ వరకు చూస్తే, బిడ్డ తల పట్టి బయటికి తీసే ఫోర్సెప్స్ చేతిలోకి తీసుకునే అవకాశమే తగ్గిపోయింది, ఎదురుకాళ్ల కాన్పు, దానికి సిజేరియనే మేలని చెప్పిన 2000 నాటి పెద్ద పరిశోధన తర్వాత దాదాపు కనుమరుగైంది. మా తరం చూసి నేర్చుకున్నవి మీరు చూడరు. మీ తరం చూడబోయేవి, అంటే మూడో సిజేరియన్‌లో పాత కుట్టుకి అతుక్కుపోయిన మాయ లాంటివి, మేము ఇంతగా చూడలేదు. అందుకని "చూస్తూ ఉండు, వచ్చేస్తుంది" అన్న పాత పద్ధతి మీకు సరిపోదు. బొమ్మ మీద, దిండు మీద, ఒకళ్ల మీద ఒకళ్లు, ముందే చేసి చూసుకోవాలి.

ఇప్పుడు రక్తం విషయానికి వస్తాను, నాకు ఎక్కువ చెప్పాలనిపించేది దీని గురించే.

కాన్పు అయింది, మాయ వచ్చింది, కేస్ షీట్‌లో "రక్తస్రావం మామూలే" అని రాసేశారు. ఆ మామూలు ఎంత? ఎవరూ కొలవలేదు. దుప్పటిలో ఎంత ఇంకిందో, బకెట్లో నీళ్లెన్నో రక్తమెంతో ఎవరికీ తెలీదు. కంటితో వేసే అంచనా ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఇది బెళగావిలో మన పక్కనే తేలింది. అక్కడి మెడికల్ కాలేజీ వాళ్లు కాన్పు తర్వాత రక్తస్రావం తగ్గించే మిసోప్రోస్టాల్ అనే మందు మీద చేసిన పెద్ద పరిశోధన 2006లో అచ్చయింది, రక్తం కొలవడానికి గీతలున్న ప్లాస్టిక్ సంచీ ఆ పనిలోంచే పుట్టింది. ఆ సంచీతో పోల్చి చూస్తే కంటి అంచనా దాదాపు మూడోవంతు తక్కువ వచ్చింది. అంటే 750 మిల్లీలీటర్లు పోతే మనం 500 అనుకుంటాం. నిండు గర్భిణికి గర్భసంచిలోంచి నిమిషానికి అర లీటరు పైన రక్తం పారుతుంది, అక్కడ మూడోవంతు తప్పు లెక్క చాలా పెద్దది.

ఇంకో పరిశోధన, ఇది మీరందరూ పూర్తిగా చదవాలి, 2023లో వచ్చింది, పేరు ఈమోటివ్. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు, రెండు లక్షల మందికి పైగా తల్లులు. కొత్త మందు ఏమీ కనిపెట్టలేదు. ప్రతి తల్లి కిందా గీతలున్న సంచీ పెట్టారు, గీత దాటగానే గర్భసంచి మర్దన, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, రక్తం గడ్డ కరిగిపోకుండా చూసే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, గాయాల కోసం వెతకడం, ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. మామూలుగా మనం ఒకటి ఇచ్చి, పది నిమిషాలు చూసి, ఇంకోటి ఇస్తాం కదా, ఆ ఎదురుచూపు తీసేశారు. రక్తస్రావాన్ని గుర్తించడం 51 శాతం నుంచి 93కి పెరిగింది, తీవ్రమైన రక్తస్రావం లాంటి చెడు ఫలితాలు 60 శాతం తగ్గాయి. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో మెట్టు దిగింది. 500 దాకా ఆగొద్దు, 300 మిల్లీలీటర్లు పోయి నాడి గానీ బీపీ గానీ తేడాగా ఉంటే అప్పుడే కదలండి అంది.

నాడి గురించి ఒక మాట. పడుచు ఒంట్లో బీపీ చాలాసేపు నిలబడుతుంది, నాడి మాత్రం ముందే పరుగెత్తుతుంది. నాడిని పై బీపీతో భాగించండి, 0.9 దాటితే మీరు ఇబ్బందుల్లో ఉన్నట్టే. 120 నాడి, 100 బీపీ ఉన్న తల్లి "బాగానే మాట్లాడుతోంది మేడమ్" అని నాకు చెప్పిన పీజీలు ఉన్నారు. ఆవిడ బాగా లేదు, బాగున్నట్టు కనిపిస్తోంది అంతే.

దీన్ని ఎలా సాధన చేయాలంటే, ఖర్చు అక్కర్లేదు. రంగు కలిపిన నీళ్లు ఒక దుప్పటి మీద, నాలుగు ప్యాడ్ల మీద, ఒక ట్రేలో పోయండి. ఎంత పోశారో ఒక్కరికే తెలియాలి. అందరినీ అంచనా వేసి కాగితం మీద రాయమనండి, తర్వాత అసలు లెక్క చెప్పండి. ఫస్ట్ ఇయర్ నుంచి ప్రొఫెసర్ దాకా అందరూ ఆడాలి. పెద్దవాళ్ల అంచనాలు కూడా ఎంత తప్పో అందరి ముందూ తేలితే, ఆ రోజు నుంచి ఆ యూనిట్లో కొలవడం మొదలవుతుంది.

ఆ తర్వాతి సాధన మనుషులతో. ఒకరు మంచం మీద పడుకుంటారు, ఒకరు గర్భసంచి దగ్గర, ఒకరు లైన్లు పెట్టడానికి, ఒకరు మందులకి, ఒకరు కేవలం గడియారం చూస్తూ రాయడానికి. ఈ రాసే మనిషిని చాలామంది అనవసరం అనుకుంటారు, నా దృష్టిలో అందరికంటే ముఖ్యమైన మనిషి తనే. "ట్రానెక్సా ఇచ్చారా?" అంటే "ఇచ్చారనుకుంటా" అన్న జవాబు రాకూడదు. ఒక గ్రాము, పది నిమిషాల్లో, కాన్పయిన మూడు గంటల్లోపు, ఆలస్యమయ్యేకొద్దీ పనిచేయడం తగ్గిపోతుంది. చెప్పిన మాట విన్నవాళ్లు మళ్లీ పైకి చెప్పాలి: "కార్బోప్రోస్ట్ 250 మైక్రోగ్రాములు కండకి ఇస్తున్నాను, ఆస్తమా లేదని చూశాను." బీపీ ఉన్న తల్లికి, బీపీని ఇంకా పెంచే మెథర్జిన్ ఇవ్వబోతే పక్కనున్న సిస్టర్ ఆపగలగాలి, ఆపినందుకు ఆవిడ మీద ఎవరూ అరవకూడదు.

సిస్టర్లు అన్నాను కాబట్టి చెప్తున్నా, ఈ సాధన డాక్టర్లకే వేరుగా పెడితే సగం పనికిరాదు. బ్రిస్టల్‌లో భుజం ఇరుక్కునే కాన్పులకి డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు కలిసి వాళ్ల సొంత ఆసుపత్రిలోనే సాధన చేశారు. ఆ ట్రైనింగ్ తర్వాత అలాంటి కాన్పుల్లో బిడ్డకు గాయమవడం 9.3 శాతం నుంచి 2.3కి తగ్గిందని 2008లో రాశారు. అందులో మీకు తెలియని కిటుకు ఏమీ లేదు. కాళ్లు పొట్టవైపు బాగా మడవడం, బొడ్డుకింద ఎముకకి పైన నొక్కడం, వెనక చెయ్యి తీయడం, తల పట్టుకుని లాగకపోవడం. తెలిసిన పనే, అందరూ ఒకే వరసలో, కంగారు లేకుండా చేయడం నేర్చుకున్నారు. మన దగ్గర హైదరాబాద్‌లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి తెలంగాణ ప్రభుత్వంతో కలిసి మిడ్‌వైఫ్‌లను తయారుచేస్తోంది. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు వీలైతే వాళ్లు ఎలా పనిచేస్తారో చూసి రండి, నొప్పులు పడే మనిషి పక్కన ఓపిగ్గా ఉండటమంటే ఏంటో తెలుస్తుంది.

బీపీ పెరిగి గర్భిణికో బాలింతకో వచ్చే ఫిట్స్ గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే వాటిని ఆపే మెగ్నీషియం డోసు మీలో ప్రతి ఒక్కరూ నిద్రలో లేపి అడిగినా చెప్తారు. నాలుగు గ్రాములు నరానికి, పది గ్రాములు కండకి, ఒక్కో పిరుదుకి ఐదు. బాగుంది. ఇప్పుడు కలిపి చూపించండి! యాభై శాతం ఆంప్యూల్ రెండు మిల్లీలీటర్లు, అందులో ఒక గ్రాము. నాలుగు ఆంప్యూళ్లు ఎనిమిది మిల్లీలీటర్లు, దానికి పన్నెండు కలిపితే ఇరవై, మెల్లగా ఐదు నిమిషాలకి తగ్గకుండా. మొత్తం పద్నాలుగు ఆంప్యూళ్లు పగలగొట్టాలి, మంచం మీద తల్లి కొట్టుకుంటుంటే, బయట వాళ్లమ్మ ఏడుస్తుంటే. అక్కడ లెక్క చేయలేరు, చేతికి ముందే తెలిసుండాలి. కాలం దాటిపోయిన ఆంప్యూళ్లు దాచుకోండి, వాటితో సాధన చేయండి. తర్వాతి డోసు ముందు మోకాలి రిఫ్లెక్స్, ఊపిరి, మూత్రం చూడటం, మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ అదే ట్రేలో ఉండటం, ఇవి కూడా సాధనలో భాగమే.

ఇక పిలవడం. రాత్రి రెండింటికి ఫస్ట్ ఇయర్ పీజీకి ఏదో తేడాగా అనిపిస్తుంది. పిలిస్తే "ఈ మాత్రం తెలీదా" అంటారేమో, పిలవకపోతే ఏమవుతుందో. ఇంకో పదిహేను నిమిషాలు చూద్దాం అనుకుంటారు. నేను చూసిన చాలా విషాదాలు ఆ పదిహేను నిమిషాల్లోనే జరిగాయి. ఆ అమ్మాయికి తెలివి లేక కాదు, క్రితంసారి పిలిచినప్పుడు ఫోన్లో తిట్లు తినడం వల్ల. ఇక్కడ సీనియర్లు, ఫ్యాకల్టీ కూడా కూర్చున్నారు, మీకు చెప్తున్నాను: పిలిచినందుకు ఒక్కసారి తిట్టారంటే, ఆ పీజీ తర్వాత పిలవాల్సిన పదిసార్లు పిలవదు. నిద్రలో లేపినా "పిలిచి మంచి పని చేశావమ్మా" అనే మాట ముందు రావాలి. తర్వాత పొద్దున కూర్చుని, పిలవక్కర్లేని కేసు అయితే ఎందుకు అక్కర్లేదో నేర్పండి.

జూనియర్లు కూడా ఎలా పిలవాలో నేర్చుకోవాలి. "మేడమ్, పేషెంట్ అదోలా ఉంది" అంటే నిద్రమత్తులో ఉన్న మనిషికి ఏం అర్థమవుతుంది? ఎవరు, ఏమైంది, నాడి బీపీ ఎంత, ఇప్పటిదాకా ఏం చేశాను, మీరు ఏం చేయాలి. "మూడో మంచం, రెండో కాన్పు, గంట క్రితం అయింది, 600 పోయింది, నాడి 124, బీపీ 96, ఆక్సిటోసిన్, ట్రానెక్సా ఇచ్చాం, ఇంకా ఆగలేదు, మీరు ఇప్పుడే రావాలి." ఆఖరి మాట తప్పకుండా అనాలి. మొహమాటపడి అది మింగేస్తారు.

ఇంకొకటి, ఇది చెప్పకుండా వెళ్తే నాకు నిద్రపట్టదు. మీ చదువు ఒక మనిషి ఒంటి మీద జరుగుతోంది. నొప్పులు పడే తల్లిని లోపల పరీక్ష చేయడం నాలుగు గంటలకి ఒకసారి చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మన టీచింగ్ ఆసుపత్రుల్లో పీజీ చూసి, సీనియర్ సరిచూసి, మళ్లీ ఇద్దరు హౌస్ సర్జన్లు నేర్చుకోవడానికి చూసి, అదే గంటలో ఒకే మనిషిని నలుగురు పరీక్ష చేయడం నేను చూశాను. ఆవిడ వద్దనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టు కాదు. చేతులు లెక్కపెట్టండి. నేర్చుకోవడానికి చేస్తున్నానని చెప్పి, అడిగి, చేయండి, వద్దంటే ఆగండి. బొమ్మ మీద సెంటీమీటర్లు నేర్చుకోవడానికి మీకు కావాల్సింది ఓపిక మాత్రమే. అరవడం, చెయ్యి చేసుకోవడం, ఇవి మా రోజుల్లో ఉన్నాయి, ఇప్పటికీ కొన్నిచోట్ల ఉన్నాయి. 2017లో లక్ష్య పథకం వచ్చినప్పుడు లేబర్ రూమ్‌లో గౌరవంగా చూడటం కూడా నాణ్యత లెక్కలోకి వచ్చింది. మీరు తమిళం ఎంత త్వరగా నేర్చుకుంటే అంత మంచిది. భాష రాని డాక్టర్ తెలియకుండానే గొంతు పెంచుతారు, భయపడిన పేషెంట్‌కి అది తిట్టులా వినిపిస్తుంది.

లాగ్‌బుక్ గురించి: చూశాను, సాయం చేశాను, పక్కన సీనియర్ ఉండగా చేశాను, ఒక్కదాన్నే చేశాను, ఈ నాలుగు గడులు నింపడానికి నెలాఖరున కూర్చుని గుర్తుతెచ్చుకుని రాయకండి. కేసు అయిన వెంటనే మూడు నిమిషాలు పక్కన సీనియర్‌ని నిలబెట్టి "ఏది బాగా చేశాను, ఏది మార్చుకోవాలి" అని అడిగి రాసుకోండి. సంఖ్య కంటే ఆ రెండు వాక్యాలు మీకు పనికొస్తాయి. జిల్లా ఆసుపత్రికి మూడు నెలలు పంపుతారు కదా, దాన్ని సెలవులా చూడకండి. మీ పెద్దాసుపత్రికి "ఆలస్యంగా పంపారు" అని మనం తిట్టుకునే కేసు, అక్కడ ఏ పరిస్థితిలో బయల్దేరుతుందో చూడండి. 108 ఎక్కేముందు ఏం ఇచ్చారు, ఫోన్ చేశారా, రక్తం ఉందా, అన్నీ తెలుస్తాయి.

తల్లి చనిపోయినప్పుడు జరిగే సమీక్షల గురించి కూడా భయపడుతుంటారు. తమిళనాడు ఈ సమీక్షలు చాలా ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రం, కేరళలో పేర్లు లేకుండా చేసే రహస్య సమీక్ష 2004 నుంచి ఉంది. ఎవరిది తప్పు అని అడిగితే అందరూ కాగితాలు సర్దుకుంటారు, ఎక్కడ ఆలస్యమైంది అని అడిగితే నిజాలు బయటికొస్తాయి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పీజీని మర్నాడు ఒంటరిగా వదిలేయకూడదు. ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి, తిన్నావా అని అడగాలి. ఇదీ డిపార్ట్‌మెంట్ పనే.

ప్రశ్నలు ఉంటే అడగండి. చెప్పమ్మా.

(సభలోంచి ఒక పీజీ: మేడమ్, మా యూనిట్లో బొమ్మ లేదు, డ్రిల్స్ ఎవరూ పెట్టరు. డ్యూటీ ముప్ఫై గంటలు దాటుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?)

డ్యూటీ గంటల గురించి ముందు. 1992లోనే కేంద్రం రెసిడెంట్లకు వారానికి 48 గంటలు, ఒకేసారి 12 గంటలు మించకూడదని చెప్పింది. కాగితం మీద ఉంది, అమల్లో లేదు, ఇది మీరు ఒక్కొక్కరుగా కాకుండా కలిసి అడగాల్సిన విషయం. అలసిపోయిన మనిషి లెక్క తప్పుతుంది, అందుకే నేను చెప్పినవన్నీ అలసిపోయినా చేయగలిగేంత అలవాటు కావాలి అంటున్నాను.

మొదలుపెట్టడం రేపటి డ్యూటీలోనే. పెళ్లికి వంటచేసేవాళ్లు కూడా పొయ్యి వెలిగించేముందు గిన్నెలు లెక్కపెట్టుకుంటారు కదా. డ్యూటీ ఎక్కగానే పది నిమిషాలు, సిస్టర్‌తో కలిసి రక్తస్రావం ట్రే తెరవండి. ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లోనే ఉందా, ఎన్ని ఉన్నాయి, ట్రానెక్సా ఉందా, నరానికి పెట్టే లావు క్యాన్యులాలు ఉన్నాయా, ఫోలీస్ అనే మూత్రం గొట్టం, కండోమ్, దారం ఉన్నాయా. గర్భసంచిలో కండోమ్ పెట్టి, దాన్ని సెలైన్‌తో నింపి రక్తం ఆపడం ఢాకాలో సాయెబా అక్తర్ అనే డాక్టర్ డబ్బులేని ఆసుపత్రి కోసం చేసిన ఉపాయం, దానికి కావాల్సినవి మీ వార్డులో ఇప్పుడే ఉన్నాయి. ట్రే చూశాక, ఒక కండోమ్ ఫోలీస్‌కి కట్టి, సెలైన్ ఎక్కించి, ఇద్దరూ టైమ్ చూసుకోండి. మొదటిసారి దారం జారిపోతుంది, మళ్లీ కట్టండి. వచ్చేవారం హౌస్ సర్జన్‌ని కూడా పిలవండి. చీఫ్‌ని అడగడానికి అప్పటిదాకా ఆగక్కర్లేదు, కానీ ఒకసారి వచ్చి చూడమనండి, చాలామంది వస్తారు.

వెనక వరుసలో ఎవరో చెయ్యెత్తారు, అడుగు నాన్నా.